మాంసం, పాలు మానేశాక మనసెందుకు కుంగుతోంది? ప్రొద్దుటూరు తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుంటే దిద్దు. పోయిన కార్తీకంలో మాంసం మానేశావు. నెల దాటాక మళ్లీ తినబుద్ధి కాలేదు, గుడ్డు కూడా వదిలేశావు. సంక్రాంతి అయ్యాక పాలు, పెరుగు, నెయ్యి కూడా మానుకున్నావు. మొదటి మూడు నెలలు ఒళ్లు తేలికగా, మనసు తేటగా ఉండింది. ఇప్పుడు శ్రావణం వచ్చేసరికి పొద్దున లేవబుద్ధి కావడం లేదు. చిన్న మాటకే కోపం వస్తోంది, చదివింది గుర్తుండదు, నిద్ర పట్టదు, అరికాళ్లలో చీమలు పాకినట్టు తిమ్మిరి. అమ్మేమో కోడికూర, సంగటి తింటే అన్నీ పోతాయంటోంది. నువ్వు చూసే వీడియోల్లో 'ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, ఓపిక పట్టు' అంటున్నారు. ఎవరి మాట వినాలి అని అడిగావు.

అమ్మ మాటలో సగం నిజం ఉంది. వీడియో మాటలో ఏమీ లేదు. తొమ్మిది నెలల పాటు విషాలు బయటికి పోవడం అనేది ఒంట్లో జరిగే పనే కాదు. ఆ శుభ్రం చేసే పని కాలేయం, మూత్రపిండాలు నువ్వు కోడి తిన్నప్పుడూ చేశాయి, మానేశాకా చేస్తున్నాయి. తిమ్మిరిని ఓపిక పట్టి భరించమని చెప్పేవాళ్ల వల్ల నరాలు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగ్గా రాస్తున్నా. 'నువ్వు' అంటున్నానని ఏమనుకోవద్దు, నాకు నీకంటే ఏడాది చిన్న కొడుకున్నాడు.

అనంతపురంలో ఇరవై రెండేళ్లుగా పోషకాహార సలహాలిచ్చే పని చేస్తున్నాను. అందులో ఎనిమిదేళ్లు ఒక మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చేవాళ్ల తిండీతిప్పలు చూశాను. మొక్కల తిండి మీద నాకు వ్యతిరేకత లేదు. మా ఇంట్లో వారానికి ఆరు రోజులు అదే. నువ్వు మళ్లీ మాంసం ముట్టుకోనక్కర్లేకుండా కూడా బాగుపడొచ్చు. కానీ కొన్ని పనులు ఈ వారంలోనే చేయాలి.

మొదట ఆ అరికాళ్ల సంగతి చూద్దాం. తిమ్మిరి, మతిమరుపు, చిరాకు, నీరసం ఒకేసారి వచ్చి, మనిషి మాంసం, గుడ్డు, పాలు అన్నీ మానేశాడంటే నాకు ముందుగా అనుమానం వచ్చేది బి12 విటమిన్ మీదే. ఈ విటమిన్‌ను ఏ మొక్కా తయారు చేయదు, నిజానికి ఏ జంతువూ చేయదు. చేసేది సూక్ష్మజీవులు. ఆవు, మేక లాంటి నెమరువేసే వాటి కడుపులో సూక్ష్మజీవులు చేసిన బి12 వాటి పాలలోకి, మాంసంలోకి చేరుతుంది. మన పేగుల్లో కూడా కొన్ని సూక్ష్మజీవులు దీన్ని చేస్తాయి, కానీ అవి ఎక్కువగా ఉండేది పెద్దపేగులో. మన ఒళ్లు బి12ను పీల్చుకునేది చిన్నపేగు చివర్లో. పంట చేను దాటిపోయాక కాలువకు నీళ్లు వదిలినట్టు, దానివల్ల మనకు లాభం లేదు.

రోజుకు కావాల్సింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములే. కంటికి కూడా కనబడనంత. కానీ నరాల మీద కరెంటు తీగ తొడుగులాగా మైలిన్ అనే పొర ఉంటుందే, అది సరిగ్గా నిలబడాలంటే బి12 ఉండాలి. కొత్త రక్తకణాలు తయారు కావాలన్నా అదే ఉండాలి. తగ్గితే పాదాల్లో, చేతుల్లో తిమ్మిర్లు, నాలుక నున్నగా ఎర్రబడటం, నడకలో తూలడం వస్తాయి. దిగులు, చిరాకు, మతిమరుపు వస్తాయి. మరీ ముదిరితే లేని గొంతులు వినబడటం, అందరి మీదా అనుమానాల దాకా పోయినవాళ్లున్నారు. వీళ్లను 'గాలి సోకింది' అని దర్గాలకు, గుళ్లకు తిప్పి, చివర్న ఆసుపత్రికి తెస్తారు.

చాలామంది దెబ్బతినే చోటు ఇంకొకటుంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ పద్నాలుగు ఉంది కదా, నాకేం లోటు అనుకుంటారు. ఆకుకూరలు, పప్పులు బాగా తినేవాళ్లకు ఫోలేట్ అనే ఇంకో బి విటమిన్ పుష్కలంగా అందుతుంది. బి12 తగ్గినా ఈ ఫోలేట్ రక్తాన్ని కొంతవరకు నెట్టుకొస్తుంది, నరాలను మాత్రం కాపాడలేదు. అందుకే రక్తం బాగున్నట్టు కనబడుతూనే లోపల నరాలు దెబ్బతినొచ్చు. బి12 సంగతి తేల్చుకోకుండా ఈ ఫోలేట్‌నే ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రమే మింగొద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

'తొమ్మిది నెలల్లోనే అయిపోతుందా?' అని నీకు అనుమానం రావచ్చు. మంచి అనుమానమే. కాలేయంలో నిల్వ నిండుగా ఉన్నవాడికి అంత తొందరగా అయిపోదు, కొన్నేళ్లు పడుతుంది. కానీ మన దగ్గర నిల్వ నిండుగా ఉండేది ఎంతమందికి? నీ ఉత్తరంలోనే రాశావు, ఇంట్లో మాంసం ఆదివారం మాత్రమేనని, చిన్నప్పటి నుంచి పాలు పడవని. దానికి తోడు రెండేళ్లుగా గ్యాస్ మాత్ర రోజూ వేసుకుంటున్నానని చివర్లో ఒక ముక్క రాశావు. నాకు అన్నింటికంటే ముఖ్యమైంది ఆ ముక్కే. తిండిలోని బి12 మాంసకృత్తులకు అంటుకుని ఉంటుంది, దాన్ని విడదీయడానికి కడుపులో ఆమ్లం కావాలి. ఆమ్లాన్ని ఆపే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటి మాత్రలు ఏళ్ల తరబడి వాడితే ఆ విడదీసే పని దెబ్బతింటుంది. అంటే నువ్వు కార్తీకంలో మొదలుపెట్టేటప్పటికే గాదెలో అడుగున కొన్ని గింజలే మిగిలి ఉండొచ్చు.

షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ను తగ్గిస్తుంది. దీని గురించి చెప్పేటప్పుడల్లా మా అత్త గుర్తొస్తుంది. ధర్మవరం మనిషి, పుట్టుకతో శాకాహారి, రోజూ పెరుగన్నం తినేది. పదకొండేళ్లుగా మెట్‌ఫార్మిన్, దానికి తోడు గ్యాస్ మాత్ర. అరవై మూడో ఏట మాట తగ్గిపోయింది. పొయ్యి మీద పోపు పెట్టి మరిచిపోయేది. ఏనాడూ తప్పని శనివారం భజన మానేసింది. ఒకరోజు నా చేయి పట్టుకుని 'నేనింకెందుకమ్మా ఉండేది' అంది. చూపించిన డాక్టరు వయసు మీద పడింది, దిగులు అని చెప్పి నిద్రమాత్రలు రాశాడు. ఏడు నెలలు అవే వేశాం. ఊరందరికీ తిండి గురించి చెప్పే నేను, నా ఇంట్లో మనిషికి ఒక్క రక్తపరీక్ష చేయించాలని తట్టక ఏడు నెలలు ఊరికే ఉన్నాను. చేయిస్తే బి12 నూట పన్నెండు వచ్చింది. సూదులు మొదలుపెట్టిన రెండో నెలలో మళ్లీ మాట్లాడటం మొదలెట్టింది. నాలుగో నెలలో భజనకు పోయింది. కానీ కాళ్ల తిమ్మిరి పూర్తిగా పోలేదు, ఆమె చనిపోయేదాకా ఉంది. ఆ ఏడు నెలలు ముందే చూసి ఉంటే ఆ తిమ్మిరి కూడా మిగిలేది కాదేమో అన్న బాధ నన్ను వదలలేదు. నీకు ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

కాబట్టి రేపో ఎల్లుండో ల్యాబుకు పోయి రక్తం ఇవ్వు. బి12తో పాటు రక్తకణాల లెక్క, ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెరిటిన్, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్, విటమిన్ డి, మూడు నెలల షుగరు సగటు చూపించే హెచ్‌బీఏ1సీ చేయించు. తిమ్మిరికి షుగరు కూడా కారణం కావచ్చు, దిగులుకు థైరాయిడ్ కూడా కారణం కావచ్చు, ఒక్కదాని మీదే నేరం మోపకూడదు. బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువుంటే లోటు ఉన్నట్టే. 200 నుంచి 300 మధ్య ఉంటే తేల్చడం కష్టం. అప్పుడు హోమోసిస్టీన్ పరీక్ష అడగొచ్చు. అది పెరిగి ఉంటే లోటు అనుమానం బలపడుతుంది. రక్తం ఇవ్వకముందే మందుల షాపులో మాత్ర కొని మింగితే అంకె పైకి పోతుంది, అసలు సంగతి మరుగున పడుతుంది.

రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి పో. నరాల లక్షణాలు ఉన్నవాళ్లకు మామూలుగా సూదులతో మొదలుపెడతారు, ఎన్ని, ఎన్నాళ్లు అనేది ఆయన చెప్తారు. లోటు తీరాక నువ్వు ఇదే తిండిలో ఉండాలనుకుంటే జీవితాంతం బి12 మాత్ర వేసుకోవాలి. రోజూ చిన్న మోతాదుదైనా సరే, వారానికి మొత్తం 2000 మైక్రోగ్రాములు అందేలా పెద్దదైనా సరే. మాత్రలోని బి12 దేనికీ అంటుకుని ఉండదు కాబట్టి గ్యాస్ మాత్ర దానికి అంతగా అడ్డం రాదు. అయినా ఆ గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా లేదా అని కూడా అదే డాక్టరును అడుగు. ఇంకో మాట, జంతువుల కోసమే మానేశానన్నావు కదా. మందులోని బి12ను పెద్ద తొట్లలో సూక్ష్మజీవుల చేత పులియబెట్టించి తీస్తారు, ఏ జంతువునూ కోయరు. గుళిక తొడుగు జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్‌ది కాకుండా చూసుకుంటే చాలు. తిమ్మిరికి అని షాపువాళ్లిచ్చే నరాల మాత్రల్లో బి6 ఎక్కువ మోతాదులో ఉంటుంది కొన్నింట్లో. అది నెలల తరబడి మింగితే దానివల్లే తిమ్మిరి వస్తుంది. అట్ట వెనక చదివి, డాక్టరుకు చూపించి వేసుకో.

'పులిసిన రాగి అంబలిలో బి12 ఉంటుంది', 'స్పిరులినా తింటే చాలు' అని నీకు ఎవరో చెప్పారన్నావు. అంబలి మంచిదే, ఎండాకాలం నేనూ తాగుతాను, కానీ బి12 కోసం దాన్ని నమ్ముకోవడానికి లేదు. స్పిరులినాలో ఎక్కువగా ఉండేది బి12ను పోలినదే తప్ప మన ఒంటికి పనికొచ్చేది కాదు. తాళంలో పట్టే తాళంచెవే, కానీ తిరగదు.

ఇప్పుడు నీ పళ్లెం. మానేసినవాటి జాబితా అంత వివరంగా రాసి, తింటున్నదాని గురించి రెండు వాక్యాలే రాశావు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం తెల్లన్నం, చారు, రాత్రి షిఫ్టులో చిప్స్, బిస్కెట్లు, నాలుగైదు బ్లాక్ కాఫీలు. ఇదంతా మొక్కల నుంచి వచ్చిందే, కాదనను. మిరపకాయ బజ్జీ కూడా మొక్కే. కానీ కోడిని తీసేసిన చోట ఏమీ పెట్టలేదు నువ్వు, ఖాళీగా వదిలేశావు. మొదటి మూడు నెలలు తేలికగా ఉండింది కార్తీకంలో ఇంట్లో పప్పులు, కూరలు ఎక్కువ వండారు కాబట్టి అయ్యుండొచ్చు, బయటి నూనె తిండి తగ్గింది కాబట్టి కూడా. కొత్తగా ఒక మంచి పని మొదలుపెట్టానన్న ఉత్సాహం కూడా మనసును లేపుతుంది. అది అబద్ధం కాదు, కానీ దాంతో ఏడాది నడవదు.

అరవై కేజీల మనిషికి రోజుకు యాభై గ్రాముల మాంసకృత్తులు కావాలి. మన తిండిలో ఇది గొప్ప కష్టమేమీ కాదు. రెండు జొన్నరొట్టెలకు వంద గ్రాముల పిండి పడుతుంది, పది గ్రాములు అక్కడ వచ్చేస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు తినమంటోంది, పచ్చివి తూచి. కంది, పెసర, అలసంద, ఉలవ ఏదైనా సరే, సుమారు పంతొమ్మిది గ్రాములు. ఒక గుప్పెడు చెనిక్కాయలకు ఎనిమిది, తొమ్మిది. కొర్రన్నమో వరన్నమో నూట యాభై గ్రాముల బియ్యంతో వండుకుంటే ఇంకో పది, పన్నెండు. కూరలు కలిపితే యాభై దాటిపోతుంది. నువ్వు తినేదాంట్లో పాతిక కూడా దాటుతుందని నేననుకోను. పల్చటి చారులో పప్పు ఉండేది పేరుకే.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. తిండికీ మనసుకూ ఉన్న సంబంధాన్ని మన దక్కన్ నేలలోనే కళ్లారా చూసిన సంగతి. జొన్న మీదే బతికే పేద కూలీల్లో పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మనిషి దిగులుగా, ఉలుకూ పలుకూ లేకుండా అయిపోతాడు, నిద్ర ఉండదు, ముదిరితే మతి చెడుతుంది. నయాసిన్ అనే బి విటమిన్ లోటు అది. 1960లో హైదరాబాద్ ప్రయోగశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా అనే శాస్త్రవేత్తలు జొన్న మాంసకృత్తుల్లో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని రాశారు. లూసిన్ ఒక్కటే కారణమా అన్న వాదన తర్వాత చాలాకాలం నడిచింది. కానీ నయాసిన్ ఇస్తే ఆ మనుషులు తేరుకునేవాళ్లు, చర్మంతో పాటు మనసు కూడా.

నేనేమీ జొన్న తినొద్దని చెప్పడం లేదు. జొన్నరొట్టె ఒట్టి కారంతో తిన్న పొట్టకు, అదే రొట్టె చెనిక్కాయల ఊరుబిండితో, అలసంద పప్పుతో, ఆకుకూరతో తిన్న పొట్టకు ఎంత తేడా ఉందో చూడమంటున్నాను. చెనిక్కాయలో నయాసిన్ దండిగా ఉంటుంది. దీన్ని పూర్వీకుల రహస్యం అనను. చెనిక్కాయ మన దగ్గర పుట్టింది కూడా కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. కానీ అనంతపురం ఎర్రనేలల్లో అదే మనకు అన్నం పెట్టింది, మన పొట్టలో జొన్నకు తోడైంది. జొన్న తిన్నవాళ్లకు జబ్బు జొన్న వల్లనే రాలేదు. దాని పక్కన ఇంకేమీ పెట్టుకోలేని పేదరికం వల్ల వచ్చింది. నువ్వు డబ్బు లేక కాదు, తెలియక అదే పళ్లెం దగ్గరికి పోతున్నావు.

మిగతావి తొందరగా చెప్తాను. కాల్షియానికి పాలు లేవు కాబట్టి రాగులు పట్టుకో. వంద గ్రాముల రాగుల్లో మూడొందల మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, మొలకెత్తించి పిండి పట్టిస్తే ఒంటికి ఇంకా బాగా పడుతుంది. నువ్వులు కూడా. ఇనుముకు ఆకుకూరలు, ఉలవలు. వాటి మీద నిమ్మకాయ పిండుకో. అన్నం తిన్న వెంటనే కాఫీ, టీ తాగితే ఆ ఇనుమును పేగు పీల్చుకోనివ్వవు, గంట ఆగు. ఇది చదివే ఆడపిల్లలు ఈ ముక్క ఇంకా గట్టిగా పట్టుకోవాలి, ఇనుము లోటు నీరసాన్ని, చిరాకును 'మూడీ' అని కొట్టిపారేస్తుంటారు ఇళ్లలో. అవిసెగింజలు ఒక చెంచా పొడి చేసి పెట్టుకో. అందులోని ఒమేగా-3 మెదడుకు కావాల్సిన రూపంలోకి మారేది చాలా తక్కువ, అయినా ఏమీ లేనిదానికంటే మేలు. నాచు నుంచి తీసిన గుళికలు కూడా దొరుకుతాయి, అవి మొక్కల కిందే లెక్క. ఇంకొకటి, ఆరోగ్యం అని ఇంట్లో గులాబీ రంగు సైంధవ లవణం వాడుతుంటే మామూలు అయొడైజ్డ్ ఉప్పుకు మారు. పాలు, గుడ్లు, చేపలు లేనివాడికి అయొడిన్ వచ్చే దారి ముఖ్యంగా ఆ ఉప్పే, అది మూసుకుంటే థైరాయిడ్ తగ్గి మనసు మబ్బు పట్టినట్టవుతుంది.

అసలు మొక్కల తిండి మనసుకు మంచిదా అని కూడా అడిగావు. నిజాయితీగా చెప్తాను. ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా అనే ఆమె బృందం 2017లో ఒక పరిశోధన ప్రచురించింది. మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 67 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పన్నెండు వారాలు తిండి మార్చుకోవడంలో సాయం చేశారు, ఇంకో గుంపుతో అన్నిసార్లే కూర్చుని మామూలుగా కబుర్లు చెప్పారు. తిండి మార్చుకున్న గుంపులో 32 శాతం మందికి డిప్రెషన్ దాదాపు తగ్గిపోయింది, కబుర్ల గుంపులో 8 శాతం మందికి. చిన్న పరిశోధన, పైగా తాము ఏ గుంపులో ఉన్నామో పాల్గొన్నవాళ్లకు తెలుసు, అయినా తీసిపారేయదగ్గది కాదు. కానీ ఆ తిండిలో చేపలు, పెరుగు, కొంచెం మాంసం కూడా ఉన్నాయి. ఎక్కువ చేయించినవి కూరగాయలు, పండ్లు, పప్పులు, ముడిధాన్యాలు, గింజలు. తగ్గించినవి మిఠాయిలు, మైదా, వేపుళ్లు, ప్యాకెట్ తిండి. ఆ గుంపును బాగుచేసింది మాంసం లేకపోవడం కాదు, పళ్లెం నిండటం అని నేను అర్థం చేసుకున్నాను.

ఇంకోవైపు కొన్ని సర్వేల్లో శాకాహారుల్లో దిగులు ఎక్కువ కనబడింది. దాన్ని పట్టుకుని 'చూశావా, మాంసం మానేస్తే పిచ్చెక్కుతుంది' అనేవాళ్లున్నారు. జర్మనీలో 2012లో వచ్చిన ఒక సర్వేలో ఏది ముందు, ఏది వెనక అని అడిగి చూస్తే, సగటున మానసిక ఇబ్బందే ముందు మొదలైంది, మాంసం మానడం తర్వాత వచ్చింది. మనసు బాగాలేనివాళ్లు ఏదో ఒకటి మార్చుకుంటే బాగుంటుందేమో అని తిండి మార్చుకుని ఉండొచ్చు. నిన్నూ అదే అడుగుతున్నాను తమ్ముడూ, కార్తీకానికి ముందు ఎలా ఉన్నావు? వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఒక్కడివే గదిలో కూర్చుని రెండేళ్లయిందని రాశావు. అప్పుడే ఎక్కడో మొదలై, తిండి మార్చడంతో కొన్నాళ్లు కప్పబడి, మళ్లీ బయటపడిందేమో ఆలోచించు.

మనసు స్థితితో ముడిపడిన సెరటోనిన్ అనే రసాయనం తొంభై శాతం పేగులోనే తయారవుతుంది, అందుకే అరటిపండు తింటే సంతోషం అని చెప్పేవాళ్ల మాట కూడా ఇక్కడే తేల్చేస్తా. తయారవుతుంది, నిజమే. కానీ అది మెదడులోకి దాటిపోలేదు, మెదడు తన సెరటోనిన్‌ను తనే చేసుకుంటుంది. దానికి ముడిసరుకైన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మాత్రం తిండిలోంచి రావాలి, పప్పుల్లో, చెనిక్కాయల్లో, నువ్వుల్లో ఉంటుంది. పీచు తింటే పేగులోని సూక్ష్మజీవులు బాగుంటాయి, అవి మెదడుతో నరాల ద్వారా, రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయని చాలా పరిశోధన జరుగుతోంది. పీచు తినడానికి అది తేలేదాకా ఆగనక్కర్లేదు, మలబద్ధకం లేకుండా ఉంటే మనిషి మనసు ఎలా ఉంటుందో మనకు తెలుసు.

నీ కాఫీ, నీ ఎండ. నాలుగు బ్లాక్ కాఫీలు, చివరిది రాత్రి రెండింటికి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదు గంటల దాకా పడుతుంది. పొద్దున ఆరింటికి పడుకుని నిద్ర పట్టడం లేదంటే ఎలా పడుతుంది? షిఫ్టు మొదటి సగంలోనే కాఫీ ముగించు. కడప ఎండకు పేరుపడిన జిల్లాలో ఉండి నువ్వు ఎండ చూడటం లేదు. ఈ ప్రాంతంలో విటమిన్ డి తక్కువున్న సాఫ్ట్‌వేర్ పిల్లలను నేను లెక్కలేనంతమందిని చూశాను. లేచాక పావుగంట, ఇరవై నిమిషాలు చేతులు, కాళ్లకు ఎండ తగిలేలా మేడ మీద నడువు. నిద్ర వేళ కుదరడానికి కూడా అది సాయం చేస్తుంది.

అమ్మ గురించి. నువ్వు రాసినదాంట్లో నన్ను బాగా కదిలించింది ఇది, 'ఇప్పుడు నా కంచం నేను గదిలోకి తెచ్చుకుని తింటున్నా' అన్నావు. తమ్ముడూ, ఆమె వండిన కోడికూర వద్దన్నప్పుడు నువ్వు కోడిని వద్దన్నావు, ఆమె తన చేతివంటనే వద్దన్నావనుకుంది. పెద్దల పండక్కి, జాతరకు, మేనమామ ఇంటి పెళ్లికి నువ్వు దూరంగా కూర్చున్నావు. మనిషి ఒంటరిగా తినడం మొదలుపెడితే ఎంత మంచి తిండైనా సగమే ఒంటపడుతుంది. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమంది కుంగిపోయేది పళ్లెంలో కోడి లేక కాదు, పక్కన మనిషి లేక.

అమ్మతో వాదన మానేసి ఆమెను ఒకటి అడుగు. 'నీ చిన్నప్పుడు మీ అమ్మ మాంసం లేని రోజు ఏం వండేది?' అని. ఆమె చెప్పడం మొదలుపెడితే ఆపలేవు. పితికిన పప్పు, అనపగింజల పులుసు, ఉలవచారు, ఉలవ గుగ్గిళ్లు, చింతచిగురు పప్పు, మునగాకు వేపుడు, సొద్దరొట్టె, కొర్రన్నంలోకి పచ్చిపులుసు, నువ్వుల పొడి. ఇవన్నీ నీకు కావాల్సినవే. సంగటి నీకూ సంగటే, ఆమెకూ సంగటే, పక్కన పోసే పులుసు మారుతుంది అంతే. అనపకాయల కాలం వచ్చినప్పుడు ఇద్దరూ కూర్చుని గింజలు పితకండి. అరగంటలో మీరిద్దరూ మాట్లాడుకునే మాటలు ఈ తొమ్మిది నెలల్లో మాట్లాడుకుని ఉండరు.

ఒక్క విషయంలో మాత్రం నాకు నీ గురించి భయం వేసింది. వచ్చే నెల నూనె, ఆ తర్వాత ఉప్పు, గోధుమలు మానేస్తానని రాశావు. మానేసేవాటి పట్టిక నెలనెలా పెరుగుతూ, తప్పి ఒకటి తింటే రోజంతా తప్పు చేసినట్టు అనిపిస్తోందంటే అది తిండి మీద శ్రద్ధ దాటి ఇంకోదాంట్లోకి పోతోంది. దానికి ఆర్థోరెక్సియా అని 1997లో ఒక అమెరికా వైద్యుడు పేరు పెట్టాడు. ఇప్పటికి ఇంకేదీ మానేయొద్దు. ఈ ఆరు నెలలు కలుపుకోవడమే తప్ప తీసేయడం లేదు అని పెట్టుకో. ఉప్పు సంగతి ఇంకో ముక్క, మనసు జబ్బుకు లిథియం వాడేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే డాక్టరుకు చెప్పకుండా ఉప్పు మానేయొద్దు, ఒంట్లో లిథియం ప్రమాదకరంగా పెరుగుతుంది.

బి12 తక్కువ వచ్చినా, రాకపోయినా ఇంకో పని ఉంది. రెండు వారాలకు పైగా రోజూ దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దాన్ని మానసిక వైద్యుడే చూడాలి, నాలాంటి తిండి చెప్పేవాళ్లు కాదు. పరీక్షలో బి12 లోటు దొరికిందని దాని మీదే అంతా నెట్టేసి అటువైపు పోకుండా ఉండొద్దు, రెండూ కలిసి ఉన్నవాళ్లు చాలామంది. ప్రొద్దుటూరు నుంచి కడప దగ్గరే, అక్కడి సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక వైద్యానికి పేరున్న బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రికి మన దగ్గర నుంచి ఎంతోమంది పోతూనే ఉంటారు. ముందు ఫోన్లో మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది, నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. మా అత్త అన్నట్టు 'ఎందుకు ఉండాలి' అన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే రక్తపరీక్ష కోసం ఆగకు, ఈ రోజే ఆ నంబరుకు చెయ్యి, అమ్మకు కూడా చెప్పు. ఇప్పటికే డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్న వేరేవాళ్లెవరైనా తిండి మార్చాం కదా అని వాటిని సొంతంగా ఆపొద్దు.

తిమ్మిరి మోకాళ్ల దాకా పాకినా, చీకట్లో నడుస్తుంటే తూలుతున్నా వారం కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి పో. లేకపోతే రక్తం ఇచ్చి, అంకెలు వచ్చాక నాకు రాయి. గ్యాస్ మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములదో కూడా రాయి. ఈ మధ్యలో రాత్రి షిఫ్టుకు కూర్చునే ముందు చిప్స్ ప్యాకెట్ బదులు వేయించిన చెనిక్కాయలు ఒక గుప్పెడు, ఉలవ గుగ్గిళ్లు ఒక గిన్నె పక్కన పెట్టుకో. అమ్మను అడిగితే ఈ రాత్రికే ఉలవలు నానబెడుతుంది.